బకెట్ నీళ్లు పావలా

ఇంట్లో నీళ్లు పొదుపు చేయాలంటే ఏం చేయాలో సికింద్రాబాద్‌లో దాదాపు అందరికీ తెలుసు. నల్లా కట్టేసి పళ్లు తోముకోవాలి. ట్యాంకు నిండగానే మోటారు ఆపాలి. కారుతున్న ఫ్లష్‌ను బాగు చేయించాలి. ఆర్వో యంత్రం వదిలే నీళ్లు పట్టి గచ్చు తుడవాలి. వీటిలో కొత్తగా నేర్పాల్సిన విద్య ఏదీ లేదు. తెలిసి కూడా ఎందుకు చేయరు, చేసేవాళ్లు ఎందుకు చేస్తారు అన్నదే అసలు ప్రశ్న. దీనికి పాత జవాబులు రెండున్నాయి. జేబులోంచి డబ్బు పోతుందంటేనే చెయ్యి నల్లా మీదికి వెళ్తుందని ఒకరంటారు. చుట్టూ ఉన్న నలుగురు ఏం చేస్తే మనిషి అదే చేస్తాడు, సిగ్గూ మర్యాదే అతన్ని నడిపిస్తాయని ఇంకొకరంటారు.

ఈ సంవాదంలో మొదటి పక్షం వహించేది ఒక అపార్టుమెంటు సంఘం కోశాధికారి. రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. రెండో పక్షం అదే భవనంలో ఉండే, బడిలో సైన్సు చెప్పి రిటైరైన టీచరమ్మది. భవనం పద్మారావునగర్‌లో, బన్సీలాల్‌పేటకు దగ్గరలో ఉందనుకోవచ్చు. మనుషులిద్దరూ, వాళ్ల భవనంలో జరిగే సంగతులూ కల్పితం. వాళ్లు ముందుపెట్టే మిగతా లెక్కలు, సంఘటనలు కల్పితం కావు.

నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో ముందు తెలియాలి. హుస్సేన్‌సాగర్ నీళ్లు తాగి పెరిగిన ఊరు ఇది. 1908లో మూసీ వరద వచ్చాక కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1965లో మంజీరా, 1990ల మొదట్లో సింగూరు నీళ్లు తోడయ్యాయి. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా 2004లో వచ్చింది. ఎల్లంపల్లి నుంచి గోదావరి 2015 చివర్లో వచ్చింది. గోదావరి నీళ్లు 180 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి, దారిలో చోటుచోటా పంపులు ఎత్తిపోస్తే జంటనగరాలకు చేరతాయి. వెయ్యి లీటర్లు ఇంటిదాకా చేర్చడానికి సుమారు 50 రూపాయలవుతుందని నగరానికి నీళ్లిచ్చే జలమండలి చెబుతూ వచ్చింది. ఇళ్ల నుంచి వసూలు చేసే ధర మాత్రం వెయ్యి లీటర్లకు పది, పన్నెండు రూపాయల దగ్గర మొదలవుతుంది. 2021 జనవరి నుంచి జీహెచ్ఎంసీ పరిధిలోని ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా అదీ లేదు, ఉచితం. పక్కనే ఉన్న కంటోన్మెంట్ కథ వేరు. బోయినపల్లి, తిరుమలగిరి వైపు ఇళ్లకు కంటోన్మెంట్ బోర్డు జలమండలి దగ్గర టోకున కొన్న నీళ్లు ఇస్తుంది.

కోశాధికారి వాదం ఇక్కడే మొదలవుతుంది.

కోశాధికారి: టీచరమ్మా, ఇరవై లీటర్ల బకెట్ ఒకటి తీసుకోండి. నల్లా రేటు ప్రకారం దాని ఖరీదు పావలా. తేవడానికయ్యే ఖర్చు రూపాయి. మే నెలలో చాలక జలమండలి ట్యాంకరు బుక్ చేస్తే 5,000 లీటర్లకు 500 రూపాయలు, అంటే బకెట్ రెండు రూపాయలు. ప్రైవేటు ట్యాంకరైతే ఆ పైన ఎంతైనా అడుగుతాడు. పావలా వస్తువును ఎవరు దాచుకుంటారు చెప్పండి? ఉచితం అన్నాక ఆ పావలా కూడా పోయింది. మనిషికి రోజుకు 135 లీటర్లు చాలని కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లవుతాయి. సర్కారు ఇస్తున్నది 20,000. జాగ్రత్తగా వాడినా బిల్లు సున్నానే, ఆ హద్దు దాకా ఇష్టమొచ్చినట్టు వాడినా సున్నానే. ఇక పొదుపు ఎక్కణ్నుంచి వస్తుంది?

టీచరమ్మ: మీ గుణకారంలో తప్పులేదు అన్నయ్యగారూ. ఉచితం కాకముందు మాత్రం మన భవనంలో ఎవరైనా పొదుపు చేశారా? పావలా ఉన్నప్పుడూ ఇంతే పారబోశాం. నీళ్ల ధర పది శాతం పెంచితే వాడకం తగ్గేది మూడు నుంచి ఐదు శాతమేనని చాలా దేశాల్లో లెక్కలు తేల్చాయి. తాగడానికీ వండుకోవడానికీ నీళ్లకు బదులు ఇంకోటి లేదు కదా. మీ బకెట్‌ను పావలా నుంచి రూపాయికి పెంచారే అనుకోండి, మూడో అంతస్తులో రెండు కార్లున్న వాళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ దెబ్బ బస్తీలో ఆరుగురున్న ఇంటి మీద పడుతుంది.

ఉచిత పథకంలో ఒక సంగతి ఉంది, అది ఇద్దరికీ సగం సగం అనుకూలం. బస్తీల్ని మినహాయిస్తే, ఉచితం కావాలన్నవాళ్లు మీటరు పెట్టించుకోవాల్సిందే. ఏళ్ల తరబడి మీటరు మాటెత్తితే ముఖం తిప్పుకున్న ఇళ్లు కూడా సొంత ఖర్చుతో మీటర్లు బిగించుకున్నాయి. నీళ్లను ఉచితం చేసిన పథకమే వాటిని కొలిచే పనికి కూడా ఊపునిచ్చింది. ఆ కొలత ఇంటింటికీ చేరిందా అన్నది వేరే సంగతి.

కోశాధికారి దాన్నే పట్టుకుంటాడు. పాతిక ఫ్లాట్ల భవనం అనుకుందాం. నల్లా కనెక్షన్ ఒకటి, మీటరు ఒకటి, సంపు ఒకటి. ఫ్లాట్ల సంఖ్యను బట్టి ఉచిత పరిమితి కడతారు గనుక భవనానికి 5 లక్షల లీటర్లు. అది దాటిన నీళ్లు, ట్యాంకర్లు, బోరు మోటారు కరెంటు అన్నీ కలిపి మెయింటెనెన్సులో సమానంగా పంచుతారు. ఒక ఇల్లాలు పట్టుదలగా రోజుకు 100 లీటర్లు మిగిల్చిందనుకుందాం. నెలకు 3,000 లీటర్లు. ట్యాంకరు రేటు వేసినా 300 రూపాయలు. ఆ 300 పాతిక వాటాలైతే ఆమె వంతుకు 12 రూపాయలు వస్తాయి. మిగతా 288 పొరుగువాళ్లకు పోతాయి. పారబోసిన ఇంటికీ ఇదే లెక్క: పారబోతలో తన వంతు 12 రూపాయలే. ఇలాంటి చోట పొదుపు చేయడం దానం చేయడమే అంటాడు కోశాధికారి. ఆ మాటకు టీచరమ్మ దగ్గర కూడా జవాబు లేదు. ధర ఎంతున్నా అది ఫ్లాటు గుమ్మం దాటి లోపలికి రావడం లేదు.

టీచరమ్మ తన వాదాన్ని డబ్బు దగ్గర ఎత్తుకోదు, పనిమనిషి దగ్గర ఎత్తుకుంటుంది.

టీచరమ్మ: మన ఫ్లాట్లలో అంట్లు తోమే ఆమెను చూడండి. సింకులో నల్లా ధారగా వదిలేసి తోముతుందని అందరూ సణుగుతారు. ఆమె ఇంటికెళ్లి చూస్తే వేరే మనిషి కనిపిస్తుంది. రోజు విడిచి రోజు ఒక గంట వచ్చే నల్లా. అయిదు బిందెలు, ఒక డ్రమ్ము. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలకు మొదటి కడుగుడు, బట్టలు పిండిన నీళ్లు మరుగుదొడ్డికి. మనిషి అదే, చెయ్యి అదే. అక్కడా నీళ్లకు బిల్లు లేదు, ఇక్కడా ఆమెకు బిల్లు లేదు. తేడా ఎక్కడొచ్చింది?

కోశాధికారి: అక్కడ నీళ్లు తక్కువ, అంతే.

టీచరమ్మ: తక్కువని ఆమెకు ఎలా తెలుస్తోంది? బిందె కంటికి కనిపిస్తోంది. మోసింది తనే. రేపు నల్లా రాదని తెలుసు. మన సింకు దగ్గర గొట్టం వెనక ఎంతుందో ఆమెకూ తెలియదు, మీకూ తెలియదు.

నీటి పొదుపును ఫలానా మనిషి గుణమనో, చదువనో, సంస్కారమనో లెక్కగట్టే అలవాటుకు ఈ ఉదాహరణ గట్టిగానే అడ్డం పడుతుంది. ఒకే మనిషి పొద్దున ఒక చోట దుబారా, సాయంత్రం ఇంకో చోట జాగ్రత్త. బిందెలో నీళ్లు పట్టుకునే రోజుల్లో ఇంటికి ఎంత ఖర్చవుతోందో ఇల్లాలికి లెక్క చెప్పకుండానే తెలిసేది. ట్యాంకు మేడ మీదికీ సంపు నేల కిందికీ పోయాక ఆ లెక్క వాచ్‌మన్ ఒక్కడికే మిగిలింది. అయితే బిందె ఉన్న చోటల్లా పొదుపే ఉంటుందనుకోకూడదు. కొత్త నీళ్లు రాగానే మొన్న పట్టిన మంచి నీళ్లను ‘పాతవి’ అని మోరీలో పోసి, బిందె తోమి మళ్లీ పట్టే ఇళ్లు సికింద్రాబాద్‌లో కొల్లలు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినంతకాలం ఈ అలవాటు పోదు. దీనికి ఏ ఉపన్యాసమూ పనిచేయదు, నల్లా రోజూ రావాలి.

టీచరమ్మ రెండో ఉదాహరణ చలివేంద్రం. ఏప్రిల్ వచ్చిందంటే మోండా మార్కెట్ చుట్టుపక్కల, స్టేషన్ దారిలో కుండలు వెలుస్తాయి. దాహానికి నీళ్లిచ్చి డబ్బు పుచ్చుకోవడం తప్పని తెలుగువాళ్ల నమ్మకం. నీళ్లకు ధర పెంచుతామంటే ఇంత గొడవ ఎందుకవుతుందో అందులోనే ఉందని ఆమె వాదన. కోశాధికారి అదే కుండను తన వైపు లాక్కుంటాడు: చలివేంద్రం దగ్గర నీళ్లు పూర్తిగా ఉచితం, అయినా అక్కడ గ్లాసెడు నీళ్లు పారబోసేవాడు కనపడడు, మరి మర్యాదే కారణమైతే ఆ మర్యాద లిఫ్టెక్కగానే ఎక్కడికి పోతోందని అడుగుతాడు. జవాబు కుండ దగ్గరే ఉంది. కుండ కనిపిస్తుంది. కుండ వెనక ముంచి పోసే మనిషి కనిపిస్తుంది. తర్వాత తాగేవాడు వెనకే నిలబడి ఉంటాడు. ఈ మూడింటిలో ఒక్కటీ స్నానాల గదిలో ఉండదు.

చూసే కళ్లు మనిషిని ఎంత మారుస్తాయన్నది కొలిచినవాళ్లున్నారు. 2007 కరవులో అమెరికాలోని అట్లాంటా పక్కన కాబ్ కౌంటీలో లక్షకు పైగా ఇళ్ల మీద పాల్ ఫెరారో, మైఖేల్ ప్రైస్ ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఇళ్లకు పొదుపు చిట్కాల కాగితం ఒక్కటే పంపారు. కొన్నిటికి చిట్కాలతో పాటు ‘దయచేసి పొదుపు చేయండి’ అన్న ఉత్తరం పంపారు. మరికొన్నిటికి ఆ రెంటితో పాటు, మీ వాడకం ఇంత, చుట్టుపక్కల ఇళ్ల వాడకం ఇంత అన్న పోలిక కూడా పంపారు. ఒట్టి చిట్కాలు దాదాపు ఏమీ చేయలేదు. విజ్ఞప్తి కొంత పనిచేసింది. పోలిక అందుకున్న ఇళ్లలో వాడకం సుమారు 4.8 శాతం తగ్గింది. ధర 12 నుంచి 15 శాతం పెంచితే వచ్చే ఫలితంతో అది సమానమని వాళ్లు లెక్కగట్టారు. ఎక్కువ వాడే ఇళ్లే ఎక్కువగా కదిలాయి.

కోశాధికారి: ఐదు శాతం! దానికి ఇంత సంబరమా? ఒక్క మేడ మీది ట్యాంకు పొర్లకుండా ఫ్లోటు పెడితే అంతకన్నా ఎక్కువ మిగులుతుంది. పైగా ఆ ప్రభావం ఎన్నాళ్లుంది?

టీచరమ్మ: నెలలు గడిచేకొద్దీ తగ్గింది. నిజమే. కానీ పూర్తిగా పోలేదు.

కోశాధికారి: సగటు కన్నా తక్కువ వాడేవాళ్లకు ఆ సంగతి చెబితే వాళ్లేం చేస్తారు?

కోశాధికారి గట్టి చోటే కొట్టాడు. 2007లోనే వెలువడిన కాలిఫోర్నియా అధ్యయనంలో, కరెంటు విషయంలో, సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు దొరికింది. మీరు పొరుగువాళ్ల కన్నా తక్కువ వాడుతున్నారని చెప్పిన ఇళ్లు వాడకం పెంచాయి. కాగితం మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు ముఖం గీస్తే ఆ పెరుగుదల ఆగింది. పోలిక రెండువైపులా పదునున్న కత్తి, మెచ్చుకోలు లేకుండా వాడితే చెయ్యి తెగుతుంది.

అదే కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ విశ్వవిద్యాలయంలో చేసిన, 1992లో వెలువడిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. ఈత కొట్టి స్నానానికి వెళ్తున్న కొందరు విద్యార్థినుల్ని ఆపి, వాళ్ల సొంత దుబారా గురించి కొన్ని ప్రశ్నలడిగారు. ఆ వెంటనే ‘నీళ్లు పొదుపు చేయండి’ అని ఇతరులకు చెప్పే పోస్టరు మీద సంతకం చేయించారు. ఏమీ అడగనివాళ్లు షవరు కింద సగటున ఐదు నిమిషాలుంటే, రెండూ జరిగినవాళ్లు మూడు నిమిషాల నలభై సెకన్లకే బయటికొచ్చారు. తమ తప్పు ఒప్పుకున్న నోటితోనే ఇతరులకు నీతి చెప్పాల్సి రావడం వాళ్లను కదిలించింది. నీటి పొదుపు మీద సంఘం సమావేశంలో మాట్లాడే పెద్దమనుషుల చేత ముందు తమ ఇంటి వాడకం చదివించాలని టీచరమ్మ ప్రతిపాదన. కోశాధికారి నవ్వాడే గానీ కాదనలేదు.

డబ్బు, మర్యాద కాక మనిషిని కదిలించేవి ఇంకా ఉన్నాయి. వాటిలో భయం సంగతి త్వరగా తేలిపోతుంది. 2016 ఎండాకాలానికి సింగూరు, మంజీరా, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నాలుగూ అడుగంటాయి. నగరం కృష్ణా, గోదావరి మీదే నెట్టుకొచ్చింది. గోదావరి గొట్టం అంతకు కొద్ది నెలల ముందే రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. కానీ ఆ గొట్టం వచ్చినందువల్లే ఊరికి భయం సరిగ్గా తగల్లేదు కూడా. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు అలాంటి గొట్టం లేదు. 2018 ఫిబ్రవరి నుంచి అక్కడ మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు. 2015లో రోజుకు సుమారు 120 కోట్ల లీటర్లున్న నగరం వాడకం 2018కి అందులో సగానికి పడిపోయింది. దీన్ని ఇద్దరూ తమ ఖాతాలో వేసుకుంటారు. ఏ ఇల్లు పరిమితి లోపల ఉందో పచ్చ చుక్కలతో చూపే పటం నగరపాలక సంస్థ అందరి ముందూ పెట్టిందని టీచరమ్మ గుర్తుచేస్తుంది. ధరలు విపరీతంగా పెంచారు, మితిమీరిన ఇళ్లకు నీళ్లు ఆపే పరికరాలు బిగించారు అని కోశాధికారి. రెండూ నిజమే. నల్లాలు ఆగిపోయే రోజు ఫలానా అని ప్రకటించినప్పుడు ఏ మందు పనిచేసిందో విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

జరిమానా మీద మాత్రం ఇద్దరికీ పెద్ద నమ్మకం లేదు. 2024 మార్చిలో బెంగళూరు, తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలంది. 2025 ఏప్రిల్ 15 నుంచి మన జలమండలి నల్లా గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగేవాళ్ల మోటార్లు పట్టుకుని, 5,000 జరిమానా వేస్తామంది. మోటారు బయట కనిపించే నేరం గనుక అక్కడ జరిమానా పనిచేస్తుంది. పక్కింటి నల్లాలో నీళ్లు రాకపోవడమే ఫిర్యాదు అవుతుంది. బాత్‌రూమ్‌లో అరగంట షవరు కింద నిలబడ్డవాడి దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ పోలేడు, పోకూడదు కూడా.

ఇక ఊరి మీద అభిమానం. బన్సీలాల్‌పేట మెట్లబావి పదిహేడో శతాబ్దపుదని చెబుతారు. దశాబ్దాలుగా చెత్తతో పూడిపోయి ఉన్న దాన్ని ప్రభుత్వ శాఖలు, ‘ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ కలిసి తవ్వి బాగుచేశాయి. 2022 డిసెంబర్ 5న తెరిచారు. చెత్త పోసిన గోతిలో కింద నీళ్లున్నాయని చూసినప్పుడు పేటలో పిల్లలకు నేల కింద ఏముందో పాఠం చెప్పకుండానే తెలిసిందంటుంది టీచరమ్మ.

కోశాధికారి: బావి అందంగా ఉంది, కాదనను. కానీ బావి చూసొచ్చినవాళ్లలో ఎంతమంది ఇంటికొచ్చి ఫ్లష్ బాగుచేయించారు?

టీచరమ్మ: ఇంకుడు గుంత తవ్వుదామని నేను సంఘంలో అడిగినప్పుడు చేతులెత్తినవాళ్లు ఆ బావి చూసొచ్చినవాళ్లే.

కోశాధికారి: చేతులెత్తారు. చందా అడిగితే?

టీచరమ్మ ఈసారి నవ్వి ఊరుకుంది.

వాదం ఇక్కడిదాకా వచ్చాక ఒకటి తేటపడుతుంది. ఇద్దరూ పొదుపు అనే ఒకే మాటతో రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. ఒకసారి చేసి మరిచిపోయే పనులు కొన్ని: మేడ మీది ట్యాంకుకు ఫ్లోటు, పాత ఫ్లష్ తీసి రెండు మీటల ఫ్లష్, నిమిషానికి పది లీటర్లకు పైగా పోసే నల్లాకు సగానికి తగ్గించే ఏరేటర్, సంపు గోడ చీలికకు మరమ్మతు. చప్పుడు లేకుండా కారే ఒక్క ఫ్లష్ రోజుకు వందల లీటర్లు మింగుతుంది. ఇవి చాలావరకు సంఘం చేయించే పనులు, సంఘానికి డబ్బు లెక్క బాగా అర్థమవుతుంది. మే నెల ట్యాంకర్ల బిల్లు చూపిస్తే కార్యవర్గం ఒక్క సమావేశంలో ప్లంబరును పిలుస్తుంది. ఇక్కడ కోశాధికారిదే గెలుపు. రెండో రకం రోజూ చేసే పనులు: తోమడం, ఉతకడం, స్నానం. వీటి దగ్గరికి ధర రాదు, వచ్చినా బకెట్‌కు పావలాగానే వస్తుంది. ఇక్కడ పనిచేసేది కంటికి కనిపించే కొలత, పోల్చుకోవడానికి ఒక పొరుగిల్లు. ఇక్కడ టీచరమ్మదే పైచేయి. కానీ ఫ్లాటుకు మీటరు లేనిదే ఆమె పోలికకు అంకె దొరకదు. కోశాధికారి ధరకు కూడా ఆ మీటరే ఆధారం.

ఫ్లాటు మీటర్లకు అడ్డంకులు లేకపోలేదు. మన అపార్టుమెంట్లలో ఒక్కో ఫ్లాటుకు పైనుంచి దిగే గొట్టాలు రెండో మూడో ఉంటాయి. వంటింటికొకటి, బాత్‌రూములకు వేరే. అందుకని ఫ్లాటుకు ఒక మీటరు సరిపోదు, రెండు మూడు కావాలి. అద్దెకున్నవాళ్లు యజమాని పెట్టాలంటారు, యజమాని వాడేది వాళ్లే కదా అంటాడు. వీటికన్నా పెద్ద చిక్కు పేర్లు బయటపెట్టడం. ఫలానా ఫ్లాటు ఇంత వాడిందని లిఫ్టు పక్కన అంటిస్తే, ఆ ఇంట్లో మంచం పట్టిన పెద్దామె ఉందో, పసిపిల్ల ఉందో ఎవరూ అడగరు. జగడం మొదలవుతుంది. ఎవరి అంకె వాళ్ల తలుపు కింద వేసి, భవనం సగటు మాత్రం బోర్డు మీద పెట్టాలని టీచరమ్మ సవరించుకుంది. ఇళ్ల లెక్క కాకుండా తలకు ఎంత అన్న లెక్క కట్టాలని కోశాధికారి కలిపాడు. కాబ్ కౌంటీ ఉత్తరాలు కూడా తలుపులకే వెళ్లాయి, బోర్డు మీదికి ఎక్కలేదు.

ఈ నెల నల్లా బిల్లు రాగానే కట్టాల్సింది సున్నా అని చూసి పక్కన పడేయకండి. వాడిన కిలోలీటర్ల అంకెను వెయ్యితో గుణించి, ఇంట్లో మనుషుల సంఖ్యతోనూ 30తోనూ భాగించండి. 135 దాటితే ముందు ఫ్లష్, తర్వాత మేడ మీది ట్యాంకు చూడండి. అపార్టుమెంటు మొత్తానికి ఒకటే మీటరుంటే, ఫ్లాటు మీటర్ల తీర్మానం ట్యాంకర్లు తిరిగే మే నెలలోనే సమావేశంలో పెట్టండి. జూన్‌లో రెండు వానలు పడ్డాక దానికి కోరం దొరకదు.